బందరు రేవును మెట్టవారి బాధ్యతయు

మెట్టప్రాంతమువారికి సముద్రముతో పనియేమి? నందిగామ వాస్తవ్యులగు మిత్రులొకరు ఇటీవల మమ్ము నడిగిన ప్రశ్న యిది. బందరు రేవుపనులను గూర్చియు, మన తీరమునకు గ్రుడ్లుపెట్ట వచ్చు సముద్రపు తాబేళ్లను గూర్చియు మేము ప్రస్తావింపగా వారు చిఱునవ్వు నవ్వి, "మావి రేగడిచేలు, ప్రత్తియు మిరపయు మా పంటలు. మునేరు పొంగినచో మాకు దిగులుగాని, సముద్రములో తాబేలు చచ్చినచో మాకేమి, బ్రదికినచో మాకేమి?" అనిరి. వారు చదువుకొన్నవారు, ధర్మబుద్ధి గలవారు, నలుగురి మంచిచెడ్డలు విచారించువారు. అట్టివారికే యీ సందేహము కలిగినప్పుడు ఇతరుల మాట చెప్పనేల? కావున వారికి చెప్పవలసిన సమాధానమును జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పాఠకులందఱి యెదుటను చెప్పుట యుచితమని తలచితిమి.

2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జగ్గయ్యపేటయు నందిగామయు విజయవాడ కేంద్రముగా నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. బందరును సముద్రతీరమును కృష్ణాజిల్లాలో మిగిలినవి. అంతవఱకు ఒకే జిల్లాకు ఒక కొన మెట్టయు, మఱియొక కొన కడలియు నుండెడివి. ఆనాడు కాగితముపై గీచిన గీత సముద్రమును మనకు పొరుగువారి సొత్తుగా జేసెను. గీత గీచినంత మాత్రమున సంబంధము తెగునా? పూనానుండి హైదరాబాదు మీదుగా వచ్చు 65వ నెంబరు జాతీయ రహదారి చిల్లకల్లు, నందిగామలను దాటి, విజయవాడ గడచి, బందరులో ముగియుచున్నది. మన వాకిటిముందునుండి పోవు బాట సముద్రమునకు పోవు బాటయే. ఆ బాటవెంట మన యూళ్లనుండి ఏమి పోవుచున్నదో యొక గడియ నిలిచి చూచినచో మా మిత్రుని ప్రశ్నకు సగము సమాధానము దొరకును.

పోవుచున్నది రాయి, పోవుచున్నది సిమెంటు. కృష్ణాడెల్టా ఒండ్రునేల. అచ్చట గోడకు పునాది వేయుటకైనను రాయి దొరకదు. సముద్రములో అలల నడ్డుకొను కట్టలకు టన్నులకొలది బరువుగల బండలు కావలెను. ఓడలు చేరు గట్లకు కాంక్రీటు కావలెను. బండలు మెట్టనుండియే రావలెను. సిమెంటు సున్నపురాతినుండియే రావలెను. కంచికచర్ల, పరిటాల ప్రాంతముల రాతిక్వారీలును, జయంతీపురము, ముక్త్యాల ప్రాంతముల సిమెంటు కర్మాగారములును మన మెట్టనేలపైననే యున్నవి గదా. ఏ బండ యే రేవునకు పోయినను, ఆంధ్రతీరమున సముద్రములోనికి చొచ్చుకొనిపోవు ప్రతి కట్టడమునకును ఎచ్చటనో యొక మెట్టనేల కడుపుకోత పడక తప్పదు. ఆ కోతకు కూలి పుచ్చుకొన్నవారు, కౌలు పుచ్చుకొన్నవారు, లారీలు నడిపినవారు, భూములమ్మినవారు మనలోనే యున్నారు. లాభములో పాలుగలవానికి ధర్మములోను పాలు గలదు.

మఱియొక విశేషము. జగ్గయ్యపేట సున్నపురాయి తానే యొకనాటి సముద్రపుటడుగు. కోట్లకొలది సంవత్సరముల క్రిందట పలనాటినుండి యీ ప్రాంతమువఱకు లోతులేని కడలి యుండెననియు, దాని యడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన సున్నమే నేడు మనము త్రవ్వుచున్న రాయి యనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ జాతి రాతిపలకలపైననే మన పూర్వులు జగ్గయ్యపేట చెంత ధనబోడుమీది బౌద్ధస్తూపమునకు శిల్పములు చెక్కిరి. 1882లో బర్జెస్ దొర త్రవ్వించి చూచిన యా స్తూపపు మాంధాత చక్రవర్తి పలక నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. సముద్రమిచ్చిన రాతినే మనము మరల సముద్రమునకు తీసికొనిపోవుచున్నాము. పుట్టినింటికి పోవు కోడలి చేతికి పండ్లును పసుపుకుంకుమలును ఇచ్చి పంపుట మన యాచారము. నిప్పు చేతికిచ్చి పంపుట కాదు.

మేము రేవునకు విరోధులము కాము. ఈ మాట ముందుగా స్పష్టము చేయుచున్నాము. 1611లో ఆంగ్లవర్తకులు వచ్చి కోఠీ పెట్టుకొన్ననాటికే బందరు పేరు దేశదేశములందు మ్రోగుచుండెను. కలంకారీ వస్త్రములు ఆ రేవునుండియే దేశాంతరములకు పోయెను. పిమ్మట ఇసుకమేటలును, ఇతర రేవుల పోటీయు దానిని కృశింపజేసెను. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరి. పోయిన వైభవము మరల రావలెనని బందరువారు తరతరములుగా కోరుచు వచ్చిరి. శంకుస్థాపనలు ఒకటికంటె నెక్కువ జరిగెను. తుదకు 2023 మే నెలలో బందరు చెంత తపసిపూడివద్ద పనులు ప్రారంభమయ్యెను. మన ప్రత్తియు మిరపయు సిమెంటును దగ్గరిరేవున ఓడ నెక్కినచో కిరాయి తగ్గును. ఆ తగ్గింపులో కొంతయైనను రైతు చేతికి రావచ్చును. కావున రేవు వలదనుట మా మతము కాదు. రేవు కట్టు విధమును గూర్చియే మా వాదము. ఒక్క బందరే కాదు. 2022లో రామాయపట్నమునను, 2023లో శ్రీకాకుళముజిల్లా మూలపేటయందును రేవుపనులు మొదలయ్యెను. పలుచోట్ల చేపలరేవుల నిర్మాణమును చేపట్టిరి. ఇంత తీరమున ఇన్ని పనులు ఒక్కసారిగా తలపెట్టిన కాలము మన చరిత్రలో అరుదు. ఇట్టి సమయమున పడిన పద్ధతియే రాబోవు తరములకు వాడుక యగును.

సముద్రములోని పని మెట్టవారి కంటికి కనబడదు గనుక ఇంచుక వివరింతుము. బందరు సముద్రము లోతు తక్కువది. పూర్వము ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలువగా, చిన్నపడవలు సరకులు చేరవేయుచుండెడివి. నేటి పెద్ద ఓడలు గట్టునకే రావలెనన్నచో సముద్రపుటడుగున పొడవైన కాలువ త్రవ్వవలెను. ఈ పనిచేయు ఓడను డ్రెడ్జరందురు. అందు ఒకజాతి డ్రెడ్జరు తన గొట్టపు నోటిని అడుగున నీడ్చుకొనిపోవుచు, బురదను ఇసుకను నీటితోగూడ పీల్చి కడుపులో నింపుకొనును. అడుగున విశ్రమించుచున్న తాబేలు ఆ దారిలో నున్నచో బురదతో పాటు గొట్టములోనికి పోవును. అట్లు పోయినది ప్రాణముతో బయటపడుట అరుదు.

ఇక గట్లకు స్తంభములు దిగగొట్టు పని. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగముతో, అనగా గాలిలోకంటె 4 రెట్లకు పైగా వేగముతో పోవును. డాల్ఫిన్లు కంటికంటె చెవిని నమ్ముకొని బ్రదుకునవి. తాము చేయు ధ్వని దేనికో తగిలి మరలివచ్చుటనుబట్టి ఆహారమును, త్రోవను తెలిసికొనును. ఇనుపస్తంభముపై పెద్దసుత్తి పడుచున్నంతసేపు ఆ ప్రాంతమంతయు వానికి చీకటిగది వంటిది. దూరముననున్నవి బెదరి పారిపోవును. మరీ చేరువనున్నవానికి చెవియే చెడవచ్చును.

మూడవది వెలుగు. రాత్రివేళ ఇసుకనుండి వెలికివచ్చు తాబేటిపిల్లలు, సముద్రముపై నాకాశమున గనబడు కాంతినిజూచి యా వైపునకు ప్రాకును. వేలయేండ్లుగా వానికి దారిచూపినది ఆ వెలుగొక్కటియే. తీరమున పనికొఱకు పెద్దదీపములు వెలిగించినచో, అవి వెలుగున్నవైపే సముద్రమని భ్రమించి నేలమీదికి పోవును; కుక్కలకును నక్కలకును ఎర యగును; మిగిలినవి తెల్లవారిన పిదప ఎండకు మాడిపోవును. తల్లితాబేలు సైతము వెలుగును మనుష్యసంచారమును జూచి గ్రుడ్లుపెట్టకయే మరలిపోవును.

నాల్గవది రాతికట్ట. మన తూర్పుతీరమున అలలు ఏటేట ఇసుకను మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడపించును. దారికి అడ్డముగా కట్ట వేసినచో ఇసుక దక్షిణపువైపున పేరుకొనును. ఉత్తరపువైపు తీరము కోతపడును. విశాఖ రేవును 1933లో తెఱచిరి. దానికి ఉత్తరమున ఊరిముందరి తీరము కోతపడుచుండుటచేత పూడికతీసిన ఇసుకను తెచ్చి యచ్చట పోయవలసి వచ్చెను. 1980లలో రేవు కట్టిన పుదుచ్చేరియందు ఊరిముందరి ఇసుకతీరమే కొంతకాలమునకు మాయమయ్యెను. ఇసుక పోయినచో తాబేలు గ్రుడ్లుపెట్టుచోటు పోవును. పిదప జాలరి వలలారబెట్టుకొనుచోటు పోవును. తుదకు అతని యిల్లు పోవును. తాబేటికి తగిలిన దెబ్బ తాబేటితో నాగదు.

ఇంతకు నీ తాబేలేది? ఆలివ్ రిడ్లీ యని శాస్త్రజ్ఞులు పిలుచు జాతి. 2 అడుగులకు కొంచె మెక్కువ పొడవు, 40 కిలోల దరిదాపు బరువు. జనవరినుండి ఏప్రిలువఱకు రాత్రులందు ఆంధ్రతీరమునకు వచ్చి, ఇసుకలో గుంటత్రవ్వి, ఒక్కొక్కటి 100కు పైగా గ్రుడ్లు పెట్టి, గుంట పూడ్చి మరలిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. వేయింటికొకటి పెరిగి పెద్దదగునని అంచనా. ఆ యొక్కటి పది పదునైదు సంవత్సరములు కడలిలో తిరిగి తాను పుట్టిన తీరప్రాంతమునకే గ్రుడ్లుపెట్ట వచ్చును. 2021లో ఒడిశాయందు గుర్తుబిళ్ల వేసిన యొక తాబేలు 2025లో మహారాష్ట్రములోని గుహాగర్ తీరమున గ్రుడ్లుపెట్టుచు కనబడెను. భరతఖండమును చుట్టివచ్చు నీ ప్రాణికి ఏ రాష్ట్రపు సరిహద్దును లేదు. 2025లో ఒడిశా ఋషికుల్య ముఖద్వారమున 6 లక్షలకు పైగా తాబేళ్లు గ్రుడ్లుపెట్టెను. ఒడిశాతీరమున గుర్తుపెట్టి వదలిన తాబేళ్లు సింహళమువైపునకు దక్షిణముగా ఈదుకొనిపోవుట ఉపగ్రహయంత్రములవలన తెలియవచ్చినది. ఆ దారి మన కడలిదారి. కృష్ణాసాగరసంగమపు ఇసుకతిన్నెలకును అవి గ్రుడ్లుపెట్ట వచ్చుచున్నవి. అచ్చట అటవీశాఖవారు గ్రుడ్లను కంచెలలో భద్రపఱచి పిల్లలను కడలిలో విడుచుచున్నారు. మడయడవులతోను, బావురుపిల్లులతోను గూడిన కృష్ణా అభయారణ్యమును 1989లో ప్రకటించినది ఆ ప్రాంతముననే.

దేవదానవులు పాలకడలిని చిలికిననాడు మందరగిరి క్రుంగిపోగా వీపొడ్డి నిలిపినది కూర్మము. కూర్మనాథుడు మూలవిరాట్టుగా నున్న శ్రీకూర్మక్షేత్రము మన తీరముననే యున్నది. నేడు మనమును లక్ష్మి రావలెనని కడలిని చిలుకుచున్నాము. అది తప్పుగాదు. కాని కొండను మోసినదానిని కవ్వమునకు బలియిచ్చి లక్ష్మిని పిలిచినచో నామె వచ్చునా? పురాణమును శాస్త్రమునకు బదులుగా చెప్పుటలేదు. అందొక లోకానుభవమున్నది: చిలికినప్పుడు ముందుగా పుట్టినది అమృతము గాదు, హాలాహలము. నాడు దానిని శివుడు మ్రింగెను. నేడు రేవుల లాభము పట్టణములకు పోయి, హాలాహలము నోరులేని ప్రాణికిని, నోరుండియు వినువారులేని మత్స్యకారునికిని మిగులుచున్నదేమో యని మా భయము.

ఉపాయము లేదా? కలదు. అమెరికాదేశమున కెనావెరల్ రేవుకాలువలో 1980లో పూడిక తీసినప్పుడు 71 తాబేళ్లు డ్రెడ్జరుల పాలబడెను. అక్కడివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గొట్టపునోటి ముందు తాబేటిని ప్రక్కకు నెట్టు ఇనుపచట్రమును అమర్చిరి. ఓడపై పరిశీలకులను నియమించిరి. తాబేళ్లు తక్కువగా నుండు చలికాలమునకు పనిని మరల్చిరి. హాంకాంగునందు 1996లో స్తంభములు దిగగొట్టునప్పుడు చుట్టును గాలిబుడగల తెర నిలిపి డాల్ఫిన్లకు ధ్వని తగ్గించిరి. స్తంభములు దిగగొట్టుటకు ముందు 30 నిమిషములు 500 మీటర్ల వఱకు సముద్రమును పరికించి, జంతువేదియు లేనప్పుడే మొదలిడి, తొలుత మెల్లని దెబ్బలతో కనీసము 20 నిమిషములు నడపవలెనని బ్రిటనునందు 2010లో పద్ధతి యేర్పఱచిరి. పరదేశముల మాట యటుండనిండు. ఒడిశాలో గహిర్మఠ తీరమునకు సమీపముననే ధామ్రా రేవు కట్టి 2011లో వర్తకమునకు తెఱచిరి. దానిపై వాదవివాదములు పెక్కు జరిగెను. అవి అంతటితో సమసినవని మేమనము. కాని డ్రెడ్జరులకు చట్రములు తగిలించుటయు, దీపములకు మఱుగులు పెట్టుటయు మనదేశములోనే సాధ్యమని ఋజువయ్యెను.

ఇందుకు చెప్పబడు ఆక్షేపణలను విచారింతము. తాబేళ్లను ఎక్కువగా చంపునవి రేవులు కావు, ట్రాలరువలలు గదా యని కొందఱందురు. నిజమే. 2025 జనవరిలో చెన్నపట్టణపు తీరమున వందలకొలది తాబేళ్ల కళేబరములు కొట్టుకొనివచ్చినప్పుడు నేరము ప్రధానముగా వలలపైననే మోపిరి. వలలలో తాబేలు తప్పించుకొను ద్వారము అమర్చుట అవసరము. దానిని మేమును కోరుదుము. కాని పొరుగువాడు ఎక్కువ అప్పు పడినందున మన అప్పు చెల్లింపనక్కఱలేదను న్యాయమెక్కడిది? అదియుగాక, చేపలు సంతానము పెట్టుకాలమని చెప్పి సర్కారువారు ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపుపడవల వేట నిషేధించుచున్నారు. జాలరి పడవను గట్టున కట్టివేసి, సర్కారు ఇచ్చు భృతితో కాలక్షేపము చేయుచున్నాడు. సముద్రము మేలుకొఱకు పూటకూటికి లేనివాడు రెండునెలలు తన పని ఆపుకొనగా, కోట్లు గడించు కంట్రాక్టరు తన సుత్తిని ఒక ఋతువు నిలుపుకొనలేడా? జాలరికొక న్యాయము, కంట్రాక్టరున కొక న్యాయమా?

సముద్రము ప్రశాంతముగానుండు నెలలు జనవరినుండి మే వఱకే గదా, అప్పుడే పని ఆపుమన్నచో రేవు ఎప్పటికి పూర్తియగునని ఇంజనీర్లందురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది గాదు. వర్షాకాలపు గాలులును, అక్టోబరు మొదలగు తుపానులును మనమెఱుగనివి గావు. కావుననే అన్ని పనులను ఆపుమని మేము కోరుటలేదు. గిడ్డంగులు, రోడ్లు, బండల మలచుట మొదలగు నేలమీది పనులు ఏనెలనైనను సాగవచ్చును. గ్రుడ్లుపెట్టు ఇసుకతీరమును తాకుపనియు, ఆ తీరమునకు కనబడు దీపములతో చేయు రాత్రిపనియు మాత్రము ఆ నెలలలో ఆపవలెను. ఆపరాని పూడికతీతను చట్రములతోను, పరిశీలకులతోను చేయవలెను. రైతు వరి పాలుపోసుకొను వేళ చేనిలో గొడ్లను తోలడు. అందువలన వ్యవసాయము మాననూ లేదు. కాలమెఱిగి చేసినపని ఆలస్యమైన పనిగాదు.

చట్టములు ఉండనేయున్నవి గదా యని మఱికొందఱు. ఉన్నవి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో ఈ తాబేలు చేరియున్నది. 2019నాటి తీరనియంత్రణ ప్రకటన తాబేళ్లు గ్రుడ్లుపెట్టు తావులను మిక్కిలి సున్నితములగు తీరములలో చేర్చినది. 2006నాటి ప్రకటన ననుసరించి, పర్యావరణపు అనుమతిపొందిన ప్రతి నిర్మాతయు నియమములనెట్లు పాటించుచున్నాడో ఏటికి రెండుమారులు, జూన్ 1న డిసెంబరు 1న, నివేదిక సమర్పింపవలెను. రాజ్యాంగపు 51-ఎ అధికరణము వన్యప్రాణులను కాపాడుటయు, ప్రాణులయెడ దయగలిగియుండుటయు పౌరధర్మమని శాసించుచున్నది. లోపము చట్టమున లేదు, లెక్కలో నున్నది. టెండరునందు బండ కింత, సిమెంటు కింత, ఇనుము కింత యని వ్రాసి, తాబేటిచట్రమునకును, పరిశీలకుని జీతమునకును, బుడగల తెరకును ఏమియు వ్రాయనిచో, కంట్రాక్టరు తన లాభములోనుండి తీసి పెట్టునా? పట్టీలో వ్రాయని ఖర్చు పనిలో కనబడదు. ఇది భూమిగల ప్రతి గృహస్థునకును తెలిసిన సత్యమే.

కావున మేము సర్కారువారిని కోరునవి నాలుగు. మొదటిది: తీరమున కట్టు ప్రతి రేవునకును టెండరునందే ప్రాణిరక్షణకు ప్రత్యేకపద్దు వ్రాసి, పని జరిగినట్లు సాక్ష్యము చూపిన పిదపనే దాని సొమ్ము చెల్లింపవలెను. రెండవది: పరిశీలకుడు కంట్రాక్టరు జీతగాడు కాక, అటవీశాఖకు లోబడినవాడై, పని ఆపుమని చెప్పు అధికారము గలవాడై యుండవలెను, తీరపు మత్స్యకారయువకులకు శిక్షణ యిచ్చి ఆ యుద్యోగముల నొసగవలెను. వారికి తెలిసినంత సముద్రము పట్టభద్రులకు తెలియదు. మూడవది: ఆఱునెలల నివేదికలను తెలుగున అచ్చువేయించి తీరపుపంచాయతీ కచ్చేరులయందు అంటింపవలెను. జాలరికి చదువరాని భాషలో వ్రాసిన నివేదిక జాలరికొఱకు వ్రాసినది గాదు. నాల్గవది: కట్టవలన ఆగిపోవు ఇసుకను ఏటేట అవతలివైపునకు చేరవేయు బాధ్యతను, కట్ట నిలిచియున్నంతకాలము, రేవు నడపువారిపై నుంచవలెను.

ఇక మెట్టవారి కర్తవ్యము. ఇసుక మాట వచ్చినది గనుక దానితోనే మొదలిడుదుము. ఆ తీరపు ఇసుక యెక్కడిది? కృష్ణయు, మునేరు, పాలేరు వంటి దాని యుపనదులును శతాబ్దులుగా మోసికొనిపోయి పోసినదే. నాగార్జునసాగరము, శ్రీశైలము, మన ముంగిటి పులిచింతల మొదలగు ఆనకట్టలు ఒండ్రును నిలిపివేయుటచే డెల్టాకు చేరునది మిక్కిలి తగ్గినది. ఆనకట్టలు మనకు అన్నము పెట్టుచున్నవి. వానిని కూల్చుమనువాడెవడును లేడు. కాని మిగిలిన కొంచెమును మనమే ఏటిగర్భమునుండి మితిమీరి తోడుకొన్నచో దిగువవారికేమి మిగులును? 2023 జూలైలో ఐతవరమువద్ద మునేరు రహదారి నెక్కినప్పుడును, 2024 సెప్టెంబరు తొలిదినములలో వరద మనయూళ్లను ముంచినప్పుడును, ఎగువవారు చేసినది దిగువవారనుభవింతురని మనమే మొఱపెట్టితిమి. బందరువారికి, దివిసీమవారికి మనము ఎగువవారము. ఎగువవారి యుపేక్షను ద్వేషించు మనము దిగువవారియెడ ఉపేక్ష వహింపరాదు.

రెండవ కర్తవ్యము. క్వారీలకును, సున్నపురాతిగనులకును అనుమతియిచ్చుటకు ముందు మన యూళ్లలోను ప్రజాభిప్రాయసభలు జరుగుచున్నవి. ఆ సభలలో మనము ధూళిని గూర్చియు, పేలుళ్లను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు మాటలాడుచున్నాము. మాటలాడవలసినదే. ఇకపై మఱియొక ప్రశ్నయు వేయుదము: ఈ రాయి సముద్రమునకు పోవునదైనచో అచ్చట నియమములు పాటింతురా? బందరు ప్రజాభిప్రాయసభకు మనలను పిలువరు. కాని మన సభలో మనము లేవదీసిన ప్రశ్న కాగితమున కెక్కును; దానికి సమాధానము చెప్పక తప్పదు. ప్రత్తి, మిరప వర్తకసంఘములవారు రేపు రేవు సౌకర్యములకై రాయబారములు నడపునప్పుడు ఈ మాటను గూడ నొక పంక్తిగా చేర్చినచో వారికి పోవునదేమియు లేదు. సరకు పంపువాడు అడిగినమాటకు రేవు నడపువానివద్ద గౌరవమెక్కువ.

మూడవది మిక్కిలి తేలికయైనది. ఫిబ్రవరి, మార్చి నెలలలో మన హైస్కూలు విద్యార్థులను దివిసీమకు తీసికొనిపోయి, అటవీశాఖవారి యనుమతితో, పిల్లలను కడలిలో విడుచు దృశ్యమును చూపుడు. అరచేతిలో పట్టునంత ప్రాణి, ఎవరును త్రోవచూపకయే, నీటివైపునకు ప్రాకుకొనిపోవుటను చూచిన బాలుడు పెద్దవాడై ఇంజనీరైనను, కంట్రాక్టరైనను, మంత్రియైనను ఆ దృశ్యమును మఱువజాలడు.

మా మిత్రుని ప్రశ్నకు సమాధానము చెప్పితిమని తలచుచున్నాము. తాబేలు చచ్చినచో మీకేమి యనగా, అది మీ రాతితో చచ్చుచున్నది, మీ బాటవెంట పోయిన సిమెంటుతో చచ్చుచున్నది, మీకు రావలసిన లాభముకొఱకు చచ్చుచున్నది. తెలియక చేసిన తప్పునకు క్షమ కలదు. తెలిసిన పిదప ఊరకుండుటకు క్షమ లేదు. బందరు రేవు లేవవలెను. ఆంధ్రుల ఓడలు దేశాంతరములకు పోవలెను. మన ప్రత్తియు మిరపయు ఆ ఓడల నెక్కవలెను. ఆ ఓడ బయలుదేరునాటి రాత్రి ప్రక్కతీరమున నొక తాబేలు నిశ్చింతగా ఇసుక త్రవ్వుకొనుచుండవలెను. ఈ రెండును ఒక్కతీరముననే సాధ్యమని చూపినచో మన మెట్టరాయి సముద్రమునకు పోయినందులకు సార్థకమగును.